పద్దు రాయని బాకీ

(నెల్లూరులో విద్యార్థులు, రైతులు, కాలనీ సంఘాల వాళ్లు కలిసి కూర్చున్న సభలో నీటిపారుదల శాఖ విశ్రాంత ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

మైకు గీ పెడతా ఉంది తమ్ముడూ, కొంచెం తగ్గించు. ఆ, చాలు.

పెద్దలకు, అమ్మలకు నమస్కారం. పిల్లలూ, మీకు కూడా. ముప్పై మూడేళ్లు నీళ్ల కొలువు చేశాను. నీళ్లు వదలమనే వాళ్ల చేతా, వదలొద్దనే వాళ్ల చేతా ఒకే రోజు తిట్లు తినే కొలువు అది. పొద్దున్నే ఆయకట్టు చివరి ఊరి వాళ్లు వచ్చి "మా కయ్యలు బీటలు వారాయి సార్" అంటారు. మధ్యాహ్నం పై ఊరి వాళ్లు వచ్చి "మా వరి కోతకొచ్చింది, కాలువ కట్టెయ్యండి" అంటారు. పొద్దుగూకేసరికి టౌను నుంచి ఫోను, రేపు ట్యాంకులకు ఎక్కించడానికి నీళ్లు లేవని. ముగ్గురూ నిజమే చెబుతారు. అదే మా బాధ.

నిర్వాహకులు నాకిచ్చిన చీటీలో మూడు సంగతులు రాశారు. ఊరికి తాగునీరు, జలాశయాల అప్పు, చిత్తడి నేలల రక్షణ. చిత్తడి నేల అనే మాట బడి పుస్తకాల్లోది. మన వైపు దొరువు అంటాం, మడుగు అంటాం. పులికాట్ సరస్సు ఉత్తరపు మొగ దగ్గర, అంటే సరస్సు సముద్రంలో కలిసే చోట, రాయదొరువు అని ఊరే ఉంది. ఈ మూడింటికీ మూడు ఉపన్యాసాలు కావాలి, నాకిచ్చింది ముప్పావుగంట. అయితే కొలువులో ఉన్నన్నాళ్లూ ఈ మూడూ ఒకే కాగితం దగ్గర కలిసేవి. కలవాల్సింది కలవకుండా పోయేది కూడా ఆ కాగితం దగ్గరే. అందుకని ఆ కాగితం గురించే చెబుతాను.

పంటకాలం ముందు ఐఏబీ సమావేశం పెడతారు, మీకు తెలుసు. నీటిపారుదల సలహా మండలి. కలెక్టరు గారు, ఎమ్మెల్యేలు, మా ఇంజనీర్లు, రైతు నాయకులు కూర్చుంటారు. బల్ల మీద ఒక పట్టిక ఉంటుంది. సోమశిల జలాశయంలో ఎంత, కండలేరు జలాశయంలో ఎంత, తూముకు అందకుండా అడుగున ఉండిపోయే డెడ్ స్టోరేజీ ఎంత, ఆవిరి కింద ఎంత, తాగునీటికి ఎంత, చెన్నైకి ఎంత, మిగిలింది ఎన్ని లక్షల ఎకరాలకు. మేం దాన్ని పద్దు అనేవాళ్లం. పద్దులో పేరున్నవాడికి ఏడ్చో పోట్లాడో నీళ్లొస్తాయి. పేరు లేనివాడికి వరదొస్తేనే వస్తాయి.

ముందు టౌను సంగతి చూద్దాం. నెల్లూరు బాగా తాగేస్తా ఉంది, అందుకే పొలాలకు చాలడం లేదని రైతన్నలు కొందరు అనుకుంటారు. రైతులంతా తోడేస్తున్నారు, అందుకే కుళాయి రావడం లేదని టౌను వాళ్లు అనుకుంటారు. పిల్లలూ, సెల్లులు తీసి లెక్క చెయ్యండి. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అని ఒక ప్రమాణం ఉంది. 2011 లెక్కల్లోనే నెల్లూరు జనాభా అయిదు లక్షలు దాటింది. ఇప్పుడు ఆరు లక్షలు అనుకుందాం. ఆరు లక్షల్ని 135తో హెచ్చవేస్తే రోజుకు 8 కోట్ల 10 లక్షల లీటర్లు. ఏడాదికి? చెప్పండమ్మా... 2,956 కోట్లు. కరెక్టు. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, లీటర్లలో సుమారు 2,830 కోట్లు. అంటే ఊరంతా తాగి, స్నానం చేసి, గిన్నెలు తోముకుని, బట్టలుతుక్కుంటే ఏడాదికి అయ్యేది ఒక టీఎంసీ పైన కొంచెం. పైపుల్లో కారిపోయేది కూడా కలుపుకోండి, ఒకటిన్నర అనుకోండి.

సోమశిల సామర్థ్యం 78 టీఎంసీలు. కండలేరు 68.

(సభలో గుసగుస)

అవును. నమ్మకం కుదరదు. నాకూ మొదటిసారి లెక్క వేసినప్పుడు సున్నా ఎక్కడో తప్పిందనిపించింది. ఒక టీఎంసీతో వరి ఎంత పండుతుంది? కాలువల్లో ఇంకిపోయేది కూడా కలిపి మా పాతకాలపు మోటు లెక్క ఆరు వేల ఎకరాలు. పెన్నా డెల్టా ఒక్కటే 2 లక్షల 47 వేల ఎకరాలు. కాబట్టి టౌనుకీ పొలానికీ మధ్య అసలు కొట్లాట లేదు. టౌను నీళ్లు ముందే పక్కన పెట్టి తాళం వేసుకున్నా రైతుకు తగ్గేది బహు కొంచెం. మరి ఎండాకాలం కుళాయిలెందుకు ఎండుతున్నాయి? జలాశయంలో నీళ్లు లేక కాదు చాలాసార్లు. మోటారు కాలి, పైపు పగిలి, కరెంటు బిల్లు కట్టక, ఫిల్టరు బెడ్డు కడగక. ఈ తేడా మీరు గట్టిగా పట్టుకోండి. నీళ్ల కరువు వేరు, నిర్వహణ కరువు వేరు. మొదటిదానికి దేవుణ్ణి తిట్టొచ్చు.

మా వీధిలో ఇరవై లీటర్ల క్యాను పది రూపాయలు. ఇంటికి రోజుకొకటి వేసుకుంటారు. నెలకు మూడు వందలు. లెక్కన వెయ్యి లీటర్లకు అయిదు వందల రూపాయలు పడింది. అదే ఇంటాయన మున్సిపాలిటీ నీటి పన్ను యాభై పెంచుతామంటే వార్డు మీటింగులో కుర్చీ ఎత్తుతాడు. ఆయన్ని నేను తప్పు పట్టను. క్యానువాడు తలుపు దగ్గరికి తెస్తాడు, నీళ్లు తేటగా ఉంటాయి. కుళాయి ఎప్పుడొస్తుందో, ఏ రంగులో వస్తుందో తెలీదు. నమ్మకం పోయినచోట జనం ఎక్కువ డబ్బు కట్టైనా వేరే దారి చూసుకుంటారు. ఆ డబ్బు మాత్రం పైపులకు రాదు.

పైపులకు డబ్బు ఎక్కణ్ణించి వచ్చింది మరి? మన నగరంలో మంచినీటి పథకానికి, భూగర్భ డ్రైనేజీకి హడ్కో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ నుంచి అప్పు తెచ్చారు. అప్పు తేవడం తప్పని నేననను. ఇల్లు కట్టేవాడు ఎవడైనా అప్పు చేస్తాడు. నా బాధల్లా, అప్పు చేసి కట్టిన ఇంటికి సున్నం వేయడానికి మళ్లీ అప్పు చేయాల్సి రావడం.

ఈ అప్పు అనేది నీళ్ల కొలువులో కొత్తది కాదు. తెల్లదొరల కాలంలోనే కాలువలను రెండు రకాలుగా రాసుకున్నారు. తెచ్చిన అప్పుకు వడ్డీ రాబట్టేవి ఒక రకం, ప్రొడక్టివ్ వర్క్స్ అనేవారు. వడ్డీ రాకపోయినా కరువు రాకుండా కాపాడేవి ఇంకో రకం, ప్రొటెక్టివ్. వాళ్ల మనసు వాళ్ల ఖజానా మీదే, అందులో అనుమానం లేదు. కానీ ఒక సంగతి. ఏ కాలువకు ఎంత ఖర్చు, ఎంత రాబడి, ఎంత వడ్డీ, దేనికి దానికి ఏటేటా రాసేవాళ్లు. పాత రికార్డు గదిలో ఆ పుస్తకాలు చూశాను, చెదలు తిన్నంత తినగా మిగిలినవి. ఇప్పుడు మన జలాశయం ఒక్కోదానికి అలాంటి పుస్తకం ఉందా? అప్పు ఒక కార్పొరేషను పేరు మీదో, నాబార్డు ఖాతాలోనో, రాష్ట్రం మొత్తం బాకీలో కలిసిపోయో ఉంటుంది. రాబడి అంటారా, ఎకరా మాగాణికి నీటి తీరువా 200 రూపాయలు. 1990ల చివర్లో ఖరారు చేసిన రేటు అది. అప్పటి బస్సు టికెట్టు ధర, ఇప్పటి బస్సు టికెట్టు ధర మీకే తెలుసు.

తీరువా పెంచమని అడగడానికి రాలేదు, భయపడకండి. (నవ్వులు) పుట్టి వడ్లు ఎంతకు పోతున్నాయో తెలిసినవాణ్ణి. నేను చెప్పేది వడ్డీ ఎట్లా నడుస్తుందో చూడమని. ఊరికే ఉదాహరణకు, వంద కోట్లు తొమ్మిది శాతానికి తెచ్చామనుకోండి. ఏడాదికి తొమ్మిది కోట్లు వడ్డీ. రోజుకు రెండున్నర లక్షలు. ఆనకట్ట పూర్తయింది, పిల్లకాలువలు కాలేదు. నీళ్లు నిలబడి ఉన్నాయి, పొలానికి పోవు. వడ్డీకి పిల్లకాలువతో పని లేదు, అది పోతానే ఉంటుంది.

ప్రకాశం వాళ్లు ఈ సభలో ఉన్నారా? చేతులెత్తండి. మార్కాపురం, కనిగిరి వైపు? ఆ. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన. శ్రీశైలం వెనక నీటిని కొల్లంవాగు దగ్గర పట్టుకుని, కొండ కింద పద్దెనిమిది కిలోమీటర్ల పైచిలుకు సొరంగాలు రెండు తవ్వి, నల్లమలసాగర్‌లో 53.85 టీఎంసీలు నిలపాలని. 2024 మార్చిలో సొరంగాలు ప్రారంభించారు. శంకుస్థాపన నాడు పుట్టిన బిడ్డకు అప్పటికే ఇరవై ఎనిమిదేళ్లు. కనిగిరి పక్క ఫ్లోరైడు నీళ్లు తాగి పళ్లు గారపట్టిన వాళ్లు, మోకాళ్లు వంగని వాళ్లు ఉన్నారు, వాళ్లకు ఆ నీళ్లు కావాల్సిందే. వెలిగొండ వద్దని ఎవరన్నా నేను వాళ్లతో పోట్లాడతాను. కానీ ఇన్నేళ్ల ఆలస్యానికి అయిన వడ్డీ, ముంపు ఊళ్ల వాళ్లు ఇల్లు కట్టుకోలేక, కట్టుకోకుండా ఉండలేక గడిపిన కాలం, ఇది ఏ పద్దులో రాశాం?

ఇక గేట్ల సంగతి. ఇది నాకు మనసుకు దగ్గరిది, కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఓర్చుకోండి.

2021 ఆగస్టులో పులిచింతల గేటు కొట్టుకుపోయింది. 2022 ఆగస్టు ఆఖర్న గుండ్లకమ్మ గేటు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను దాటగానే మళ్లీ గుండ్లకమ్మలోనే ఇంకో గేటు. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు, గొలుసు తెగి. నాలుగేళ్లలో నాలుగు. తుంగభద్ర దగ్గర గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు ఆ వయసులో పోయి, పారే నీళ్లలో స్టాప్‌లాగ్ అనే అడ్డుపలక దింపించి నీళ్లు ఆపించారు. టీవీలో చూస్తూ లేచి నిలబడ్డాను నేను. మా ఆవిడ నవ్వింది.

గుండ్లకమ్మ చిన్న జలాశయం, 3.859 టీఎంసీలు. మద్దిపాడు మండలం మల్లవరం దగ్గర, 2008లో ప్రారంభమైంది. 80 వేల ఎకరాల ఆయకట్టు, ఒంగోలుకు తాగునీళ్లు. ఒంగోలు లెక్క కూడా నెల్లూరు మాదిరే వేసుకోండి, రెండున్నర లక్షల మందికి ఏడాదికి అర టీఎంసీ కూడా కాదు. గేటు పోయిన రోజున ఒంగోలు ఎన్ని నెలలు తాగే నీళ్లో సముద్రంలో కలిసిపోయాయి. దాని మీద తెచ్చిన అప్పు మాత్రం సముద్రంలో కలవదు.

అదే గుండ్లకమ్మ మీద, ఎగువన, కంభం చెరువు ఉంది. విజయనగర రాజుల కాలంలో రెండు కొండల నడుమ కట్ట వేశారు. రాజుగారి బిడ్డ వరదరాజమ్మ వేయించిందని చెబుతారు. 2020లో దానికి ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. చూడండి, అయిదొందల ఏళ్ల కట్ట నిలబడింది, నిన్నగాక మొన్నటి గేటు కొట్టుకుపోయింది అని వాట్సాపులో తిప్పుతున్నారు. ఆ పోలిక న్యాయం కాదు. అక్కడ నిండితే నీళ్లు అలుగు మీదుగా వాటంతటవే పోతాయి. ఇక్కడ ఇనప గేటు, దానికి తాడు, దానికి గేరు, దానికి మోటారు. ఇనుము తుప్పు పడుతుంది, అది దాని ధర్మం. తుప్పు గీకి రంగు వేయడం మన ధర్మం. కంభం కట్ట కూడా ఊరికే నిలబడలేదు. తరతరాలుగా కట్టకు మన్ను వేసినవాళ్లు, తూము చూసినవాళ్లు, వాళ్లకు మాన్యాలు. వాళ్ల కూలి పద్దులో ఉండేది, అందుకని.

నా సంగతి ఒకటి చెబుతాను. ఏ ప్రాజెక్టో చెప్పను. అసిస్టెంట్ ఇంజనీరుగా చేరిన కొత్త. గేట్లు, కాలువలు చూసుకునే లస్కరు ఒకాయన ఉండేవాడు, నా కంటే పాతికేళ్లు పెద్ద. "సార్, మూడో గేటు అరుస్తా ఉంది" అన్నాడు. గేటు అరవడమేంది? పోయి చూస్తే, ఎత్తేటప్పుడు కీచుమంటా ఉంది, రోలరు తిరగడం లేదు, ఈడ్చుకుంటా పైకి పోతా ఉంది. గ్రీజు, రబ్బరు సీళ్లు, ఒక వైరు తాడు. చిన్న ఎస్టిమేటు వేసి పంపాను. నిధుల్లేవని తిరిగొచ్చింది. మళ్లీ పంపాను, మళ్లీ వచ్చింది. ఆ నెలలోనే అదే కాలువ మీద కొత్త పనికి శంకుస్థాపన, షామియానాలు, పూలదండలు, అరిటాకు భోజనాలు. నేనే దగ్గరుండి వడ్డించాను. ఆ ఏటి తనిఖీ కాగితంలో మూడో గేటు ఎదురుగా "సంతృప్తికరం" అని రాసి సంతకం చేశాను. ఎందుకంటే అంతకు ముందు పదేళ్లూ అట్లాగే రాశారు. నవంబరు వానలకు గేటు సగంలో బిగుసుకుంది. చెయిన్ పుల్లీ కట్టి, ఊళ్లోంచి నలభై మంది వచ్చి, రాత్రంతా లాగి ఎత్తారు. ఎవరికీ ఏమీ కాలేదు. తెల్లారాక ఆ లస్కరు నా వైపు చూసి ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

కొత్త పనికి అప్పు దొరుకుతుంది, పాత పనికి దొరకదు. బ్యాంకువాడు గ్రీజుకు అప్పివ్వడు. శిలాఫలకం మీద గ్రీజు రాయరు. అందుకని పద్దులో ఆ వరస ఎప్పుడూ ఖాళీ. తెలుగుగంగ చూడండి. 1976లో కృష్ణా నీళ్లు పంచుకునే మూడు రాష్ట్రాలూ తలా అయిదు టీఎంసీలు చెన్నైకి వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్‌ల హయాంలో ఒప్పందం. దారిలో మూడు పోను సరిహద్దులో పన్నెండు టీఎంసీలు అప్పజెప్పాలి. 1996లో నీళ్లు మొదటిసారి చెన్నై దగ్గరి పూండి జలాశయానికి చేరాయి. చేరాయే గానీ, కండలేరు నుంచి పోయే మట్టికాలువ గట్లు జారి, లైనింగు లేచిపోయి, వదిలినదానికీ చేరినదానికీ పొంతన ఉండేది కాదు. చివరికి 2002లో పుట్టపర్తి సత్యసాయిబాబా గారు కాలువ బాగు చేయిస్తామని ముందుకొచ్చారు. ట్రస్టు డబ్బుతో లైనింగు వేశాక నీళ్ల చేరిక మెరుగుపడింది. అందుకే దాన్ని సాయిగంగ అంటారు. భక్తులు చేతులు జోడించండి, నేనూ జోడిస్తాను. ఇంజనీరుగా మాత్రం సిగ్గుపడ్డాను. రెండు రాష్ట్రాలు కలిసి చేయలేని మరమ్మతు విరాళంతో అయింది.

చెన్నై నీళ్ల మీద మనకు గుర్రు ఉంది, తెలుసు. మన నీళ్లు వాళ్లకెందుకని. మాట ఇచ్చాం. చాలా ఏళ్లు పన్నెండూ ఇవ్వలేదు కూడా. 2019 ఎండాకాలం చెన్నై చుట్టూ నాలుగు చెరువులూ అడుగంటి, జోలార్‌పేట నుంచి రైళ్లలో నీళ్లు తోలుకున్నారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2015లో, అదే ఊరు మునిగింది. పళ్లికరణై అని ఊరి దక్షిణాన పెద్ద చిత్తడి ఉండేది. దాన్ని చెత్తతో, రోడ్లతో, కంపెనీలతో చాలావరకు పూడ్చేశారు. వాన వస్తే పీల్చుకునేది, ఎండలో వదిలేది లేకపోతే ఊరికి రెండే కాలాలు మిగులుతాయి, మునక, ఎండు. మన స్వర్ణాల చెరువు చుట్టూ అంకణం స్థలం ఎంత పలుకుతుందో రియల్ ఎస్టేటు తమ్ముళ్లను అడగండి. అంకణం రేటు పెరిగినప్పుడల్లా చెరువు ఒక అడుగు లోపలికి జరుగుతుంది.

ఇప్పుడు దొరువుల సంగతికి వద్దాం. టైమెంతయింది? ఆ, పర్లేదు.

నేలపట్టు. చిన్నప్పుడు మా నాన్న బస్సులో తీసుకెళ్లాడు. నీళ్లలో నిలబడ్డ కడప చెట్లు, వాటి నిండా గూడబాతులు, అదే పెలికన్లు. 1976 నుంచి అది పక్షుల అభయారణ్యం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్లూరుపేటతో పాటు తిరుపతి జిల్లాకు పోయింది. గూడబాతుకు ఆ జీవో అందినట్టు లేదు, మన చెరువులకే వచ్చి చేపలు పట్టుకుపోతుంది. (నవ్వులు) అక్కడి రైతులు ఆ పక్షుల్ని ఎవరినీ కొట్టనివ్వరు. పుణ్యానికే కాదు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువు. పక్షులొచ్చిన ఏడు వానలు బాగా పడతాయని కూడా అంటారు. అసలు వానలు పడ్డ ఏడే పక్షులొస్తాయి, ఆ మాట వాళ్ల ముందర అనకండి.

వెనక నుంచి ఎవరో ఏదో అడుగుతున్నారు. గట్టిగా అడగండి పెద్దాయనా.

(సభలో ఒకరు: "పక్షులకు ఎన్ని నీళ్లు కావాలి సార్? మా రెండో పంటకు కోత పెడతారా?")

అడగాల్సిన ప్రశ్న అదే. లెక్క వేద్దాం. నేలపట్టు అభయారణ్యం మొత్తం 459 హెక్టార్లు. అందులో చాలా భాగం మెట్ట అడవి, చెరువు కొంతే. అయినా మొండిగా, అడవి కూడా కలిపి మొత్తం మీద ఒక మీటరు లోతు నీళ్లు పెడదాం అనుకోండి. 46 లక్షల ఘనపు మీటర్లు. టీఎంసీలో ఆరో వంతు. మా మోటు లెక్కన వెయ్యి ఎకరాల వరి నీళ్లు. అసలు కావాల్సింది అందులో ఎంతో తక్కువ. ఎండకు జలాశయం మీంచి లేచిపోయే ఆవిరి ముందు ఇదొక లెక్కా? ఆవిరికి పద్దులో వరస ఉంది పెద్దాయనా, గూడబాతుకు లేదు.

పులికాట్ సంగతి వేరు. దాన్ని నింపలేం. మన పెద్దలు ప్రళయకావేరి అన్నారు. చిల్కా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు, ఎక్కువ భాగం మన వైపే. దానికి రెండు ఊపిరులు. సముద్రం వైపు మొగల్లోంచి ఉప్పునీళ్లు వస్తాయి, పోతాయి. భూమి వైపు నుంచి స్వర్ణముఖి, కాళంగి, తమిళనాడులో ఆరణి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మంచినీళ్లు తెస్తాయి. రొయ్యపిల్ల, మడవ, పీత, అన్నీ ఈ రెండింటి కలయికలో పెరిగేవే. వరద ఉరవడి ఉంటే మొగలో మేటేసిన ఇసుకను నెట్టేస్తుంది. ఎగువన ప్రతి వాగు మీద మనం కట్టలు వేసి, ప్రతి వరదనూ సముద్రంలో వృథాగా కలిసిపోతోందని వార్త రాసి పట్టుకుంటే, ఆ ఉరవడి తగ్గుతుంది. మొగ పూడుతుంది. ఎండాకాలం ఉత్తరపు పక్క ఉప్పు పొర తేలి నేలగా మారుతుంది. భీములవారిపాలెం నుంచి ఇరకం దీవికి పడవలో పోయేవాళ్లను అడగండి, పడవ ఎక్కడ దిగి తోయాల్సొస్తుందో చెబుతారు. శ్రీహరికోట రాకెట్టు కేంద్రం షార్‌కు పోయే రోడ్డు సరస్సు మధ్యగా పోతుంది, అది కూడా నీటి కదలికకు ఒక అడ్డం. రాకెట్టు పోవాలి, కాదనను. రోడ్డు కింద నీళ్లు కూడా పోవాలి.

వృథా అనే ఆ మాట మీద నాకు కోపం. ముప్పై మూడేళ్లలో నేనే ఎన్ని నివేదికల్లో రాశానో. సముద్రంలో కలిసే నీళ్లు పట్టపువాళ్ల వల, యానాదుల గంప. మొగ పూడితే, పూడిక తీయడానికి మళ్లీ కోట్ల టెండరు. నది ఉచితంగా చేసే పని మనం అప్పు తెచ్చి చేయిస్తాం. జలాశయం కట్టిన అప్పు ఒకటి, అది ఆపిన నీళ్ల వల్ల పడ్డ అప్పు ఇంకొకటి. రెండోది ఎవరూ రాయలేదు.

చట్టం సాయం చేస్తుందా? 2002 జాతీయ జలవిధానం ఒక వరస చెప్పింది: మొదట తాగునీరు, తర్వాత సేద్యం, తర్వాత జలవిద్యుత్తు, నాలుగోది పర్యావరణం. నాలుగోవాడి వరకూ విస్తరి ఎప్పుడు వచ్చింది మన పెళ్లిళ్లలో? 2017 చిత్తడి నేలల నిబంధనల్లో, సేద్యానికీ తాగునీటికీ ప్రత్యేకంగా కట్టిన చెరువులు చిత్తడి నేలల కిందకు రావని మినహాయించారు. మన జిల్లాలో నూరేళ్లు, మున్నూరేళ్లు నిండిన చెరువుల్లో పక్షులు, తామరలు, తాబేళ్లు అన్నీ ఉన్నా, కాగితం మీద అవి నీళ్ల తొట్లు.

సరే, తిట్టింది చాలు. ఏం చేయొచ్చో చెప్పి దిగుతాను.

టౌను వాడిన నీళ్లలో నూటికి ఎనభై పాళ్లు మురుగై బయటికొస్తాయి, ఇది ఇంజనీర్ల లెక్క. మన లెక్కన రోజుకు ఆరున్నర కోట్ల లీటర్లు. ఏడాదికి టీఎంసీలో ముప్పావు పైన. శుద్ధి చేయకపోతే అది చెరువుకూ పెన్నకూ విషం. శుద్ధి చేస్తే, కొత్త ఆనకట్ట లేకుండా, ఒక్క ఊరూ ముంచకుండా వచ్చిన నీళ్లు. డ్రైనేజీకి అప్పు ఎటూ తెచ్చుకున్నాం, పైపులు వేసి వదిలేయకుండా ఆఖరి ప్లాంటు రోజూ తిరిగేట్టు చూసుకుంటే చాలు. దాంతో పరిశ్రమలకు ఇవ్వాల్సిన మంచినీళ్లు కొంత మిగులుతాయి. ఆ మిగిలినదాంట్లోంచి టీఎంసీలో ఆరో వంతు చాలు నేలపట్టుకు, మీ రెండో పంట జోలికి రాకుండా. సరేనా పెద్దాయనా? ఆ, తలూపాడు. రికార్డు చేసుకోండి.

పులికాట్‌కు మాత్రం నీళ్లు కాదు, వరద కావాలి. వానల్లో మొదటి పెద్ద వరదను స్వర్ణముఖి, కాళంగి మీద కొన్ని రోజులు ఆపకుండా వదలడం. ఎన్ని రోజులు, ఏ మట్టం నుంచి అనేది మా వాళ్లూ, జాలర్ల పెద్దలూ కూర్చుని తేల్చాలి. మొగ ఏ నెలలో, ఏ గాలికి తెరుచుకుంటుందో వాళ్లకు తెలిసినంత మాకు తెలీదు. ఐఏబీ బల్ల చుట్టూ ఇన్నేళ్లు కూర్చున్నాను, ఒక్క జాలరి పెద్దను చూడలేదు. పిలవలేదు, అంతే.

గేట్ల సంగతి తేలికది. కొత్త పనికి పెట్టే ప్రతి వంద రూపాయల్లో రెండు రూపాయలు పాత గేట్ల పేరున విడిగా పెట్టి, వేరేదానికి మళ్లించకుండా కట్టడి చేయడం. రెండెందుకంటారా, నేను అనుకున్న అంకె అది, మీరు మూడు చేసినా అభ్యంతరం లేదు.

ఏడున్నరకు హాలు ఖాళీ చేయాలంట, ఎనిమిదింటికి పెళ్లి రిసెప్షను. తలుపు దగ్గర బల్ల మీద జిరాక్సు కాగితాలు పెట్టించాను. ఐఏబీ పద్దు ఎట్లా ఉంటుందో అట్లాగే గీశాను. కింద మూడు వరసలు నేను కలిపాను: గేట్ల మరమ్మతు, నేలపట్టు, మొగ. ఆ వరసల్లో నేను వేసిన అంకెలు పెన్సిలుతో ఉన్నాయి. సంతకాలు అడగడం లేదు. ఇంటికి పట్టుకుపోండి, తప్పుంటే చెరిపి మీ లెక్క రాయండి. సూళ్లూరుపేట బస్సుకు పోయేవాళ్లు ఎవరైనా ఉంటే ఒక పది కాగితాలు ఎక్కువ తీసుకోండి, భీములవారిపాలెం రేవులో ఇవ్వాలి.